తాళం వాళ్లది, సలహా వీళ్లది

2009 నవంబరులో లిబియాలోని తజూరా అణు పరిశోధన కేంద్రంలో ఏడు భారీ పీపాలు రష్యా వెళ్లేందుకు సిద్ధంగా ఉన్నాయి. లోపల ఉన్నది వాడేసిన రియాక్టర్ ఇంధనం. అందులో 5.2 కిలోల అధిక శుద్ధ యురేనియం, అంటే బాంబుకు వాడగల స్థాయిలో శుద్ధి చేసినది, ఉంది. ప్యాకింగ్ అయిపోయింది, విమానం వచ్చింది, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా అప్పుడు లిబియా ప్రభుత్వం వద్దంది. విమానం ఆ పీపాలు లేకుండానే తిరిగి వెళ్లిపోయింది.

తర్వాత బయటికొచ్చిన అమెరికా దౌత్య పత్రాల్లో దీని కారణం ఉంది. ఐక్యరాజ్య సమితి సమావేశాల కోసం న్యూయార్క్ వెళ్లినప్పుడు గుడారం వేసుకోనివ్వలేదని, తనకు తగిన మర్యాద దక్కలేదని లిబియా పాలకుడు గడాఫీకి కోపం వచ్చింది. ఆ కోపం ఈ పీపాల మీద పడింది. అవి అలాగే నెల రోజులు ఆవరణలో ఉండిపోయాయి. అక్కడికి వెళ్లి చూసిన నిపుణుడికి కాపలాగా కనిపించింది ఒకే ఒక్క గార్డు. అతని తుపాకీలో తూటాలున్నాయో లేదో కూడా తెలియదు. పీపాలను ఎత్తే క్రేను పక్కనే ఉంది. ముందు ఆ క్రేనును అక్కడి నుంచి తీసేయండి, గార్డులను పెంచండి అని అమెరికా నిపుణులు అడిగారు. డిసెంబరు 21న పీపాలు ఎట్టకేలకు విమానం ఎక్కాయి.

అణు పదార్థాలను, కేంద్రాలను భద్రం చేసుకోవడంలో ఇతర దేశాలకు సాయపడే జట్టును నడిపేవాళ్లు చేసే పని అంతా ఈ ఒక్క ఉదంతంలో కనిపిస్తుంది. యురేనియం ఐసోటోపుల గురించి ఎంత తెలిసినా, కంచెలు, సెన్సర్ల గురించి ఎంత తెలిసినా, ఆ గేటు దాటి లోపలికి రమ్మని, తీసుకెళ్లమని చెప్పాల్సింది ఆ దేశమే. లీడర్‌కు ఆజ్ఞాపించే అధికారం లేదు. అడగగలరు, చూపించగలరు, ఒప్పించగలరు. అంతే.

ఇది ఎవరో చేసిన పొరపాటు వల్ల వచ్చిన పరిస్థితి అనుకుంటే తప్పు. అంతర్జాతీయ చట్టమే అలా ఉంది. అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందం 1980లో సంతకాలకు వచ్చి 1987లో అమల్లోకి వచ్చింది. మొదట్లో అది ప్రధానంగా దేశాల మధ్య రవాణా వరకే. దేశం లోపల వాడకం, నిల్వ, కేంద్రాల రక్షణ కూడా దాని పరిధిలోకి రావాలని 2005లో సవరణ చేశారు. తగినన్ని దేశాలు ఆమోదించి అది అమల్లోకి రావడానికి 2016 మే దాకా పట్టింది. ఆ సవరణ తర్వాత కూడా కాపలా బాధ్యత పూర్తిగా ఆయా దేశానిదే. బాంబుల తయారీకి పదార్థం మళ్లిస్తున్నారా అని లెక్కలు చూసే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) ఇన్‌స్పెక్టర్లకు ఒప్పందాల ప్రకారం లోపలికి వెళ్లే హక్కుంది. దొంగల నుంచి, విధ్వంసకుల నుంచి రక్షణ ఎలా ఉందో చూడటానికి వెళ్లే జట్టుకు ఆ హక్కు లేదు. పిలిస్తేనే వెళ్లాలి. ఒకే సంస్థ, ఒకే కేంద్రం, ఒకే గేటు. కానీ ఈ రెండు పనుల్లో ఎదురయ్యే ముఖాలు వేరు.

ఇలా పిలిస్తే వెళ్లే జట్లలో పేరున్నది ఐఏఈఏ నడిపే ఇప్పాస్. భౌతిక రక్షణ మీద సలహా ఇచ్చే ఈ సేవ 1990ల మధ్యలో మొదలైంది. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన కొద్దిమంది నిపుణులు సుమారు రెండు వారాలు ఆ దేశంలో ఉంటారు. ఒకరు చట్టాలు, నియంత్రణ సంస్థ సంగతి చూస్తారు. ఒకరు కేంద్రంలోని కంచెలు, తలుపులు, అలారాలు చూస్తారు. ఇంకొకరు రవాణా, మరొకరు కంప్యూటర్ల భద్రత. వీళ్లందరినీ ఒక దారిలో నడిపించి, చివరికి ఒక నివేదికగా తేల్చాల్సింది టీమ్ లీడర్. చిన్న దేశాలే పిలుస్తాయని అనుకోనక్కర్లేదు. అమెరికా కూడా 2013లో పిలిచి, గెయిథర్స్‌బర్గ్‌లోని తన పరిశోధన రియాక్టర్‌ను చూపించింది.

అసలు పని ఆ రెండు వారాలకు చాలా ముందే మొదలవుతుంది. సన్నాహక సమావేశంలో ఏ కేంద్రం చూపిస్తారు, ఏ గది చూపించరు, ఏ పత్రం కాపీ ఇవ్వరు, నోట్సు పుస్తకాలు రాత్రి ఎక్కడ ఉండాలి అన్నవన్నీ తేలాలి. ఇవి గుమాస్తా పనుల్లా కనిపిస్తాయి గానీ మిషన్ సగం ఇక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది. ఒక దేశం తన అత్యంత సున్నితమైన బలహీనతను పరాయివాళ్లకు చూపించబోతోంది. ఆ పరాయివాళ్లలో ఎవరి పౌరసత్వం ఏమిటో, ఆ రెండు దేశాల మధ్య సంబంధాలెలా ఉన్నాయో అవతలివాళ్లు తప్పకుండా చూస్తారు. ఎంత గొప్ప నిపుణుడైనా, అతని పాస్‌పోర్టు చూసి అవతలి దేశం ముడుచుకుపోతే ఆ జట్టుకు ఉపయోగం ఉండదు. పేర్ల ఎంపికలో ఈ లెక్క చూడని లీడర్‌కు తర్వాత తలుపులు సగమే తెరుచుకుంటాయి.

లోపలికి వెళ్లాక చూసేదంతా ఒక చిన్న లెక్క చుట్టూ తిరుగుతుంది. చొరబాటుదారు లోపలున్న పదార్థాన్ని చేరడానికి ఎంతసేపు పడుతుంది, సాయుధ బలగం అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది. ఉదాహరణకు కంచె, గోడ, ఉక్కు తలుపు, లోపలి గది అన్నీ కలిపి 12 నిమిషాలు ఆపుతాయనుకుందాం. బలగం 9 నిమిషాల్లో వస్తుంది. కాగితం మీద అంతా బాగున్నట్టే. కానీ కంచె దగ్గర సెన్సర్ లేకుండా ఉక్కు తలుపు దగ్గర మాత్రమే ఉంటే, అలారం మోగేసరికి 6 నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. మిగిలింది 6 నిమిషాలు, బలగానికి కావాల్సింది 9. గుర్తించక ముందు జరిగిన ఆలస్యం ఎందుకూ పనికిరాదు. గోడను ఇంకో అడుగు మందం చేయడానికి కోట్లు ఖర్చు పెట్టడం కంటే, సెన్సర్‌ను బయటికి జరపడం ఎక్కువ మేలు చేస్తుంది. కొత్తగా కట్టిన గోడను గర్వంగా చూపిస్తున్న డైరెక్టర్‌కు ఈ మాట ఎలా చెప్పాలన్నది మాత్రం ఏ ఫార్ములా చెప్పదు.

పైగా సెన్సర్ ఉన్నంత మాత్రాన గుర్తించినట్టు కాదు. 2012 జులైలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ వై-12 అణ్వాయుధ సముదాయంలోకి 82 ఏళ్ల క్రైస్తవ సన్యాసిని మేగన్ రైస్, మరో ఇద్దరు శాంతి ఉద్యమకారులు రాత్రిపూట కంచెలు కత్తిరించుకుని వెళ్లారు. సుమారు 55 కోట్ల డాలర్లతో కట్టిన యురేనియం నిల్వ భవనం గోడ దాకా చేరి, దాని మీద నినాదాలు రాశారు. సెన్సర్లు పనిచేశాయి, అలారాలు మోగాయి. కాకపోతే జంతువుల వల్ల, గాలి వల్ల అలారాలు రోజూ మోగుతూనే ఉండటంతో సిబ్బంది వాటికి అలవాటు పడిపోయారు. ముఖ్యమైన కెమెరా ఒకటి నెలల తరబడి పనిచేయడం లేదు. గోడ మీద సుత్తి చప్పుడు వినిపిస్తే మరమ్మతు పనివాళ్లేమో అనుకున్నారు. చివరికి ముందుగా వాళ్ల దగ్గరికి వెళ్లిన గార్డు ఉద్యోగం పోయింది. కెమెరా బాగు చేయించని వ్యవస్థ కంటే చేతికి అందిన గార్డును తప్పుపట్టడం ఎక్కడైనా సులువే కదా.

అందుకే అనుభవమున్న లీడర్ కంట్రోల్ రూంలో పరికరం బ్రాండు గురించి పెద్దగా అడగరు. నిన్న రాత్రి ఎన్ని అలారాలు మోగాయి? వాటిలో ఎన్నింటికి మనిషి వెళ్లి చూశాడు? ఈ కెమెరా పనిచేయడం మానేసి ఎన్నాళ్లయింది? పాడైందని రాసిన కాగితం ఎవరి టేబుల్ మీద ఉంది? ఈ ప్రశ్నలకు షిఫ్టులో ఉన్న గార్డు ఇచ్చే జవాబు, మేనేజర్ ప్రెజెంటేషన్‌లో చెప్పింది ఒకటే అయితే ఆ కేంద్రం పరిస్థితి మెరుగే. కానీ పై అధికారి పక్కన నిలబడి ఉండగా గార్డు నోరు విప్పడు. ఆ అధికారిని నొప్పించకుండా ఐదు నిమిషాలు పక్కకు తీసుకెళ్లే పని జట్టులో ఇంకెవరో చేయాలి. ఇలాంటి చిన్న ఏర్పాట్లు ఏ మార్గదర్శక పత్రంలోనూ ప్రముఖంగా కనిపించవు.

అన్నింటికంటే కష్టమైన సంభాషణ ఇంటి దొంగ గురించి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. అణు రంగంలో బయటపడిన కేసులు చూస్తే దాన్ని కొట్టిపారేయలేం. 1992లో రష్యాలోని పొదోల్‌స్క్‌లో లూచ్ అణు పరిశోధన సంస్థలో పనిచేసే లియొనిద్ స్మిర్నోవ్ కొన్ని నెలల పాటు కొంచెం కొంచెంగా సుమారు 1.5 కిలోల అధిక శుద్ధ యురేనియం ఇంటికి తీసుకెళ్లాడు. ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే, ప్రాసెసింగ్‌లో కొంత శాతం తరుగు సహజమని లెక్కల్లో వదిలేస్తారు. అతను తీసింది ఆ తరుగు లోపలే ఉండేలా చూసుకున్నాడు. ఇంట్లో బాల్కనీలో దాచాడు. కొత్త ఫ్రిజ్, స్టవ్ కొనుక్కోవాలన్నది అతని కోరిక. పట్టుబడింది కూడా కాకతాళీయంగానే. రైల్వే స్టేషన్‌లో అతనితో కలిసిన పరిచయస్తులు బ్యాటరీల దొంగతనం కేసులో పోలీసులకు కావాల్సినవాళ్లు కావడంతో, వాళ్లతో పాటు ఇతనూ దొరికాడు.

ఈ కథలో కంచె ఎత్తు, తుపాకుల సంఖ్య ఎక్కడా రాలేదు. కావాల్సింది తూకం, లెక్క, తరుగు పేరుతో ఎంత వదిలేస్తున్నామో ప్రశ్నించే అలవాటు. లెక్కలు చూసే విభాగం, కాపలా చూసే విభాగం ఒకదానితో ఒకటి మాట్లాడుకోని కేంద్రాలు తక్కువేం కాదు. వాళ్లిద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెడితే చాలు, సగం లోపాలు వాళ్లే చెప్పేస్తారు.

2014 ఆగస్టులో బెల్జియంలోని డోల్ 4 రియాక్టర్‌లో ఎవరో టర్బైన్ కందెన నూనెను వదిలేశారు. 65,000 లీటర్లు ఖాళీ అయ్యాయి, టర్బైన్ దెబ్బతింది, రియాక్టర్ నాలుగు నెలలకు పైగా ఆగిపోయింది. అది అణు భాగం కాదు కాబట్టి రేడియేషన్ ప్రమాదం లేదు. చేసిందెవరో మాత్రం తేలలేదు. లోపలికి వెళ్లే అనుమతి ఉన్నవాళ్లలో ఒకరే అయి ఉంటారన్నది దర్యాప్తులో కలిగిన అనుమానం. ఆ తర్వాత సున్నితమైన చోట్లకు ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదన్న నియమాన్ని కఠినం చేశారు, కెమెరాలు పెంచారు.

ఇప్పుడు ఇదే విషయాన్ని పాతికేళ్లుగా కలిసి పనిచేస్తున్న ఒక చిన్న కేంద్రం సిబ్బందికి చెప్పి చూడండి. 'మా వాళ్లను మేం అనుమానించాలా?' అన్నదే మొదటి స్పందన. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అనుమానం పెంచితే మంచివాళ్లు కూడా లోపాలు దాచిపెడతారు. అందుకని పనికొచ్చే వాదన వేరు: ఇద్దరు కలిసి వెళ్లాలన్న నియమం ఉంటే, ఏదైనా తేడా వచ్చిన రోజు నిజాయతీపరుడి తరఫున ఒక సాక్షి ఉంటాడు. నియమం మనిషి మీద కాదు, తలుపు మీద. ఇలా చెప్పినప్పుడు యూనియన్లు కూడా వినడానికి ముందుకొస్తాయి. బయటి నుంచి వచ్చినవాళ్లు 'మీలో ఒకడు దొంగ కావచ్చు' అన్న ధోరణిలో మొదలుపెడితే మిగతా వారమంతా టీ తాగి వెళ్లిపోవడమే.

రియాక్టర్ల మాట అలా ఉంచితే, ఎక్కువ దేశాలకు నిత్యం ఎదురయ్యే సమస్య ఆసుపత్రుల్లో, పరిశ్రమల్లో ఉండే రేడియోధార్మిక మూలకాలది. ఇవి బాంబు కావు. కానీ మనుషుల మధ్య పడితే ఏమవుతుందో 1987లో బ్రెజిల్‌లోని గొయానియా చూసింది. ఖాళీ చేసి వదిలేసిన క్లినిక్ నుంచి సీజియం-137 ఉన్న యంత్రభాగం తుక్కు కోసం ఎత్తుకెళ్లారు. నలుగురు చనిపోయారు, 249 మందికి కాలుష్యం అంటింది, లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది. 2013 డిసెంబరులో మెక్సికోలో కోబాల్ట్-60 ఉన్న లారీని దొంగలు లాక్కెళ్లారు. వాళ్లకు కావాల్సింది లారీ, లోపలున్నదేంటో తెలియదు. ఆసుపత్రి గేటు అందరికీ తెరిచే ఉండాలి. అక్కడ సైనిక శిబిరం తరహా సలహా నడవదు. కొన్ని పనులకు సీజియం బదులు ఎక్స్‌రే యంత్రం వాడొచ్చు, అప్పుడు కాపలా అవసరమే ఉండదు.

లేని వస్తువును ఎవరూ దొంగిలించలేరు. అందుకే ఈ రంగంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఆ పదార్థాన్ని అక్కడి నుంచి తీసేయడం. 1994లో కజకిస్థాన్‌లోని ఉస్త్-కామెనోగోర్స్క్ కర్మాగారం నుంచి సుమారు 600 కిలోల అధిక శుద్ధ యురేనియాన్ని రహస్యంగా అమెరికాకు తరలించారు. 2002 ఆగస్టులో బెల్‌గ్రేడ్ దగ్గరి విన్చా కేంద్రం నుంచి 48 కిలోలు రష్యాకు పంపారు. 2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అక్కడ ఇలాంటి తరలింపు పనే నడుస్తోంది. ఆ విపత్తు మధ్యలోనే మార్చిలో 18 కిలోలు దేశం దాటించారు. నైజీరియాలోని పరిశోధన రియాక్టర్‌ను తక్కువ శుద్ధి ఇంధనానికి మార్చి, పాత ఇంధనాన్ని 2018లో చైనాకు పంపేశారు.

విన్చా ఉదంతంలో బేరం ఎలా సాగిందో చూస్తే లీడర్‌కు ఏమేం తెలిసి ఉండాలో అర్థమవుతుంది. అమెరికాకు కావాల్సింది బాంబుకు పనికొచ్చే తాజా ఇంధనం. విన్చా శాస్త్రవేత్తల బెంగ మాత్రం తమ నీటి తొట్టెలో తుప్పు పడుతున్న వాడేసిన ఇంధనం గురించి. ఆ శుభ్రతకు డబ్బివ్వడానికి అమెరికా చట్టం అప్పట్లో ఒప్పుకోలేదు. చివరికి ఒక ప్రైవేటు ఫౌండేషన్, న్యూక్లియర్ థ్రెట్ ఇనిషియేటివ్, 50 లక్షల డాలర్లు ఇస్తానని ముందుకు రావడంతో ముడి విడింది. బయటివాళ్ల ప్రాధాన్యం ఒకటి, ఇంటివాళ్ల ప్రాధాన్యం ఇంకొకటి. రెండోది తీరకుండా మొదటిది జరగదు. నిజానికి, తన రియాక్టర్‌లోని మేలైన ఇంధనం వెళ్లిపోతుంటే అక్కడి శాస్త్రవేత్తకు అది తన పరిశోధన పోయినట్టే. మారిన ఇంధనంతో కూడా ప్రయోగాలు సాగుతాయని లెక్కలు వేసి చూపించాలి, అది మాటలతో తీరదు.

జట్టు వెళ్లిపోయాక ఏమవుతుందన్నది ఈ పనిలో తక్కువగా మాట్లాడుకునే భాగం. దాతల డబ్బుతో వచ్చిన డిటెక్టర్‌కు విడిభాగం దొరకదు, వారంటీ అయిపోతుంది, శిక్షణ పొందిన ఇంజినీరు వేరే ఉద్యోగానికి వెళ్తాడు. ఐఏఈఏలో అణు భద్రత పనికి ఎక్కువ డబ్బు సభ్య దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే నిధి నుంచే వస్తుంది. ఇచ్చే దేశాలు ఫలానా పనికే వాడాలని షరతులు పెడతాయి. కొత్త కంచె ఫొటోకు నిధులు దొరికినంత తేలిగ్గా, ఐదేళ్ల మరమ్మతు కాంట్రాక్టుకు దొరకవు. రాజకీయం ఎదురు తిరిగితే ఎంత పెద్ద సహకారమైనా ఆగిపోతుంది. సోవియట్ పతనం తర్వాత రెండు దశాబ్దాలకు పైగా సాగిన అమెరికా-రష్యా అణు భద్రత సహకారంలో ఎక్కువ భాగం, ఉక్రెయిన్ గొడవల నేపథ్యంలో 2014 చివరితో ముగిసింది. అప్పటికే సొంత నిర్వహణకు అలవాటు పడిన కేంద్రాలకు పెద్ద దెబ్బ తగలదు. బయటి డబ్బు మీదే నడిచినవాటి సంగతే అసలు టెన్షన్.

నివేదిక విషయానికొస్తే, చివరి రెండు మూడు రోజులు ప్రతి వాక్యం మీదా బేరసారాలు జరుగుతాయి. దేన్ని 'సిఫార్సు' అనాలి, దేన్ని 'సూచన' అని సరిపెట్టాలి, ఏ మంచి పద్ధతిని మెచ్చుకోవాలి అన్నది అవతలివాళ్లకు చాలా ముఖ్యం. ఎందుకంటే, ఆ కాగితం రేపు వాళ్ల ఆర్థిక శాఖ ముందుకు వెళ్తుంది. తెలివైన నియంత్రణ అధికారులు కొందరు 'ఈ లోపాన్ని కాస్త గట్టిగానే రాయండి' అని వాళ్లే అడుగుతారు. ఏళ్లుగా మంజూరు కాని బడ్జెట్ దాంతోనైనా కదులుతుందని వాళ్ల ఆశ. నివేదిక గోప్యంగానే ఉంటుంది. బయటపెట్టాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. దొంగతనం జరగకపోవడాన్ని విజయంగా చూపించలేం, కనుక్కున్న లోపాలను బయటికి చెప్పలేం. ఇలా ఫలితం కనబడని పనికి ఏటా నిధులు అడగాల్సి రావడం ఈ రంగానికి పుట్టుకతో వచ్చిన చిక్కు.

2022 నుంచి ఈ లెక్కలన్నిటికీ లొంగని పరిస్థితి ఒకటి ముందుకొచ్చింది. ఒక కేంద్రం రక్షణను రూపొందించేటప్పుడు ఎలాంటి ముప్పును తట్టుకోవాలో ముందుగా రాసుకుంటారు. అందులో దొంగలుంటారు, ఉగ్రవాద ముఠా ఉంటుంది, లోపలి మనిషి ఉంటాడు. మరో దేశపు సైన్యం ఉండదు. అది ప్రభుత్వం చూసుకోవాల్సిన సంగతి అని వదిలేస్తారు. ఆ ఏడాది మార్చిలో రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణు విద్యుత్ కేంద్రాన్ని, యూరప్‌లోనే అతి పెద్దదాన్ని, ఆక్రమించింది. సెప్టెంబరులో ఐఏఈఏ డైరెక్టర్ జనరల్ రఫేల్ గ్రోసీ స్వయంగా జట్టును తీసుకుని యుద్ధరేఖ దాటి అక్కడికి వెళ్లారు. అప్పటి నుంచి నిపుణులు విడతల వారీగా అక్కడ ఉంటున్నారు. యుద్ధం మొదట్లోనే గ్రోసీ చెప్పిన ఏడు సూత్రాల్లో ఒకటి, ఆపరేటర్లు ఒత్తిడి లేకుండా నిర్ణయాలు తీసుకోగలగాలి అన్నది. గన్ను పట్టుకున్న సైనికులు కారిడార్‌లో తిరుగుతుంటే ఆ సూత్రం ఏ మేరకు అమలవుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పాస్ జట్టుకు గోప్యతే ఊపిరి. నోరు జారితే మరో దేశం పిలవదు. జపోరిజియాలో అలా కాదు. బయటి విద్యుత్ లైను తెగిందా, ఏ గదిలోకి పోనివ్వలేదు, పేలుడు ఎంత దూరంలో వినిపించింది అన్నవి ఐఏఈఏ ఎప్పటికప్పుడు ప్రపంచానికి ప్రకటిస్తోంది. అక్కడ జట్టు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఒత్తిడి సాధనం అది. కానీ లోపలికి రానిచ్చేది ఆక్రమించిన సైన్యమే కాబట్టి, ఏ వాక్యం ఎంత ఘాటుగా ఉండాలన్న బేరం ఇక్కడా తప్పదు. ఎక్కువ చెబితే గేటు మూస్తారు, తక్కువ చెబితే అక్కడ ఉండి ప్రయోజనం లేదు.